రెండంగుళాల ప్రళయం

మాది రెంటచింతల. దేశం మొత్తానికి మా ఊరి పేరు వినపడేది ఎండాకాలంలోనే, రేడియోలో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు. 47, 48 డిగ్రీలని చదువుతుంటే అరుగుల మీద కూర్చున్న పెద్దలు విసనకర్రలు ఆపి, కొడుక్కి ఫస్టు క్లాసు వచ్చినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

ఆ ఊరివాణ్ణి పట్టుకెళ్ళి 2014 జనవరి 28న అట్లాంటా మంచులో పడేశాడు దేవుడు. ఎంత మంచు అని మాత్రం అడక్కండి. విమానాశ్రయం లెక్క ప్రకారం 2.6 అంగుళాలు. నా బాధల్లో అసలు బాధ ఈ అంకే.

ముందురోజు దాకా మంచంతా ఊరికి దక్షిణాన పడుతుందన్నారు. మంగళవారం తెల్లవారుజామున మాట మార్చారు. తెల్లవారుజామున మార్చిన మాట వినడానికి మేలుకుని ఉండేదెవరు? పులిహోర బాక్సు సర్దుకుని ఆఫీసుకి బయల్దేరాను.

మా మేనేజరుది బఫెలో. అక్కడ చలికాలమంతా కారుని పారతో తవ్వి తీసుకుంటారట. మధ్యాహ్నం కిటికీ బయట తెల్లగా రాలడం మొదలవగానే మన దేశం వాళ్ళందరం ఫోన్లెత్తి ఫొటోలు తీస్తుంటే, ఆయన కాఫీ కప్పుతో వచ్చి ఒక్క చూపు చూసి, "ఇది మంచు కాదు, చుండ్రు" అని తన గదిలోకి పోయాడు.

ఒంటిగంటకల్లా ఆఫీసు వదిలేశారు. మాదొక్కటే అయితే బాగుండేది. బళ్ళూ, ప్రభుత్వ కార్యాలయాలూ, కంపెనీలూ అన్నీ ఇంచుమించు ఒకేసారి వదిలాయి. రెండాటలు ఒకేసారి వదిలిన సినిమా హాలుకి ఒకటే గేటున్నట్టయింది. పార్కింగ్ అంతస్తుల్లోంచి రోడ్డు మీద పడేసరికే గంటన్నర.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి, లేకపోతే మీరు కూడా మా అమ్మలాగే నవ్వుతారు. మొదట రాలిన మంచు టైర్ల వేడికి కరిగింది. బండ్లు కదలకుండా నిలబడిపోయేసరికి ఆ నీళ్ళు కాస్తా గడ్డకట్టి, రోడ్డుకి గాజు తొడిగినట్టయింది. దాని మీద చల్లాల్సిన ఉప్పు లారీలేవీ? అవీ మాతోపాటే ట్రాఫిక్‌లో ఉన్నాయి. మంచు టైర్లు జార్జియాలో ఎవరూ కొనరు. నేనసలు అలాంటివి ఉంటాయనే ఎరగను. టైరంటే నల్లగా గుండ్రంగా ఉంటుందని మాత్రం తెలుసు.

జీఏ 400 హైవే మీద అయిదో ఎగ్జిట్ దగ్గర ఎక్కి పదకొండో ఎగ్జిట్ దగ్గర దిగాలి. మామూలు రోజుల్లో ఘంటసాల పాటలు ఆరు వినేసరికి ఇల్లొస్తుంది. ఆ రోజు నా దగ్గరున్న పాటలన్నీ రెండేసి సార్లు అయిపోయాయి, ఆరో ఎగ్జిట్ రాలేదు. కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభ కట్టుకుని బయల్దేరినా ఈపాటికి కొండ చేరి, మొక్కు తీర్చుకుని, జీళ్ళు కొనుక్కుని వచ్చేసేవాణ్ణి.

ఆ ఎగ్జిట్ ముందు చిన్న ఎత్తు. ఎత్తని మామూలుగా ఎవరూ గమనించరు కూడా. ఎక్సలేటర్ తొక్కితే కారు ముందుకు పోలేదు, పక్కకు పోయింది. పెళ్ళిచూపుల్లో కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా రోడ్డు అంచుకి జరిగి ఆగింది. బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. దిగి, కాళ్ళ కింద పట్టాలు తీసి టైర్ల ముందు పరిచాను. టైరు గిర్రున తిరిగి పట్టాని వెనక కారు బానెట్ మీదికి విసిరింది.

ఆ కారులోంచి ఒక పెద్దావిడ దిగింది. తిడుతుందనుకున్నాను. పట్టా చేతికిచ్చి, డిక్కీ తెరిచి ఒక సంచీ తీసి, మా అమ్మ ముగ్గు వేసినంత ఒడుపుగా టైర్ల ముందు ఇసకలాంటిదేదో చల్లింది. "ఇప్పుడు తొక్కు" అంది. కారు బుద్ధిగా పైకెక్కింది. ఏమిటమ్మా అదని అడిగితే, ఇంట్లో పిల్లులు దొడ్డికెళ్ళే మట్టి అట. పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి బయల్దేరే వంశం మాది. ఆవిడకి పులిహోర సగం పెట్టాను. పచ్చిమిరపకాయ ఏరి పారెయ్యమని చెప్పడం మర్చిపోయాను.

చీకటి పడ్డాక ఒకాయన లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, అంచెంట నడుచుకుంటూ నన్ను దాటిపోయాడు. మా మేనేజరు. అద్దం దించి పిలిచాను. ఆయన కారు బాగానే నడిపాడట, పక్కవాడు వచ్చి గుద్దాడట. "నాకు మంచులో నడపడం వచ్చు, వీళ్ళకి రాదు" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. ఎక్కమన్నాను. నడిస్తేనే ముందు చేరతానన్నాడు. నిజమే, పది నిమిషాల్లో కనుమరుగైపోయాడు. చుండ్రు సంగతి నేనెత్తలేదు. నెలాఖరుకి రేటింగులున్నాయి.

తొమ్మిదిన్నరకి అమ్మ ఫోను. అక్కడ పొద్దున ఎనిమిది.

"ఏందిరా, ఎనిమిది గంటలుగా కార్లోనే ఉన్నావంట, కోడలు చెప్పింది. తల్లోకి మంచు పోకుండా మంకీ క్యాపు పెట్టుకున్నావా?"

"కార్లో హీటరుందమ్మా."

"ఎంత పడిందేంది మంచు?"

"రెండంగుళాలు, ఇంకాస్త."

అటునుంచి చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"రెండంగుళాలకేనా?" అంది. "మొన్న వానాకాలం మన వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలబడితే, మీ నాన్న సైకిలేసుకుని పోయి కరేపాకు తెచ్చాడు. పక్కింటి అత్తయ్య అడిగితే ఏం చెప్పేది నేను?"

పదకొండింటికి హైదరాబాద్ టీముతో రోజూ ఉండే కాల్. కారు ఎలాగూ కదలట్లేదు కదా అని చేరాను. "సార్, మీ వైపు బ్లాకర్స్ ఏమన్నా ఉన్నాయా?" అన్నాడో కుర్రాడు. ముందు ఒక పెద్ద ట్రక్కు మూడు లేన్లకీ అడ్డంగా పడుకుని ఉందని చెప్పాను. రాసుకున్నట్టున్నాడు.

చట్టాహూచీ నది వంతెన దాటడం గురించి చెప్పను. వంతెనకి పైనా కిందా గాలే, రోడ్డు కంటే ముందే గడ్డకడుతుంది. హనుమాన్ చాలీసా నాకు పూర్తిగా రాదని నడిమధ్యలో తెలిసింది. మూతున్న ఖాళీ నీళ్ళ సీసా ఆ రాత్రి నాకు చేసిన సేవ గురించి అసలే చెప్పను.

ఇంటికి చేరేసరికి రాత్రి ఒకటీ నలభై. టీవీలో చూస్తే నాది పెళ్ళి ఊరేగింపు కింద లెక్క. పిల్లలు వేలమంది బళ్ళలోనే పడుకున్నారు. హోమ్ డిపో వాళ్ళు దుకాణాలు తెరిచిపెట్టి, దారిలో చిక్కినవాళ్ళకి తలదాచుకునే చోటిచ్చారు. 285 హైవే మీద ఒకావిడ కారులోనే ప్రసవించింది. మా వాడు మాత్రం స్కేలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "నాన్నా, మన ముంగిట్లో రెండే వచ్చింది, ఆ పాయింటు ఆరు కూడా లేదు" అన్నాడు.

శనివారం నరసరావుపేట నుంచి చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, పెద్దమ్మ చెప్పింది. మీ ఊళ్ళో రెండడుగుల మంచు పడిందంటగా?"

నడుం ఇంకా పట్టేసే ఉందిరా, అన్నాను.