వెల్లకిలా

ఈ సంగతి ఇంతవరకూ ఇద్దరికే చెప్పాను. వాళ్ళలో ఒకరికి ముందు అబద్ధం చెప్పి, ఆ తర్వాత నిజం చెప్పాను. ఆ అబద్ధం నన్నింకా వదల్లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నాను.

నేను భువనేశ్వర్‌లో ఉంటాను. ఇంగ్లీషు, ఒడియా కాగితాలను తెలుగు చేయడం నా వృత్తి. మా నాన్న తెలుగు పండితుడు. పిల్లలు ఒక్క ఒత్తు మింగినా మళ్ళీ పలికించేవాడు. ఆ ఇంట్లో పెరిగినందుకు నా తెలుగు మీద నాకు గురి ఎక్కువ. తెలుగువాళ్ళ కోసం తెలుగులో ఏం రాయాలన్నా నాకు చేతకానిది ఉండదనుకునేదాన్ని.

ఆ ధీమాతోనే సముద్రపు తాబేళ్ళ కరపత్రం పని ఒప్పుకున్నాను. పూరీలో సముద్రం ఒడ్డున పెంఠకటా అనే పెద్ద జాలరిపేట ఉంది. అక్కడ చాలామంది తెలుగువాళ్ళే. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట వేట కోసం వలస వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. పూరీలో సముద్రస్నానం చేసినవాళ్ళకి, అలల్లో చెయ్యి వదలకుండా పట్టుకునే కోసుటోపీ మనిషి గుర్తుండే ఉంటాడు. అతను నోలియానే. ప్రభుత్వం నోటీసులు ఒడియాలో వస్తాయి. తాబేళ్ళ సంగతి వీళ్ళకి వీళ్ళ భాషలో చెబితే మేలని ఒక సంస్థవాళ్ళు అనుకున్నారు. ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. వాళ్ళ ఆలోచన మంచిది. చెడగొట్టింది నేను.

ఒడిశా తీరానికి ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వస్తాయి. గహిర్‌మఠా, దేవి నది మొగ, రుషికుల్య మొగ వాటికి పేరుపడ్డ చోట్లు. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య దగ్గరే ఆరు లక్షలు దాటి ఒడ్డెక్కి గుడ్లు పెట్టాయి. ఒక్కో తల్లి ఇసకలో గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. అదే కాలంలో వేలకొద్దీ కళేబరాలు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు నీళ్ళలో బతికినా పీల్చేది గాలినే. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని ఆ మూడు చోట్ల నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర చేపలవేట నిషేధం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలుకి పులికి ఉన్నంత రక్షణ ఉంది.

ఇవన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. నేను రెండు రాత్రులు కూర్చుని తెలుగు చేశాను. మొగ అన్న చక్కటి మాట ఉండగా ‘నదీముఖద్వారం’ అని రాశాను. తాబేలుని ‘సముద్ర కూర్మం’ చేశాను. ట్రాలర్ల వలలో బిగించే ఇనుప కడ్డీల జాలీ ఒకటుంది. టెడ్ అంటారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు జాలీకి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దానికి ‘కూర్మ విమోచన సాధనం’ అని పేరు పెట్టి, సగం పేజీ దాని గురించే రాసి, పైకి చదువుకుని మురిసిపోయాను. నిబంధనలు మీరినవాళ్ళని ‘నేరస్థులు’ అన్నాను. ఇంగ్లీషులో అంత కటువుగా లేదు. తెలుగులో బరువుగా వినబడాలని నేనే బిగించాను.

చివర్లో, వలలో సొమ్మసిల్లిన తాబేలు దొరికితే ఏం చేయాలో నాలుగు వాక్యాలున్నాయి. దాన్ని ‘ప్లాస్ట్రన్’ మీద ఉంచి, వెనక భాగం కాస్త ఎత్తి పెట్టి, తడిగా ఉంచి, తేరుకున్నాక నీళ్ళలోకి వదలాలని సారాంశం. ప్లాస్ట్రన్ అంటే తాబేలు గట్టి కవచమని ఎక్కడో చదివిన గుర్తు. నిఘంటువు నా మోచేతి పక్కనే ఉంది. తెరవలేదు. ‘డిప్ప నేలకు ఆనునట్లు ఉంచి’ అని రాసేశాను. ప్లాస్ట్రన్ అంటే పొట్టకింది కవచం. డిప్ప అంటే వీపు మీదిది. ఒక్క మాటతో తాబేలుని తలకిందులు చేశాను.

ఇంగ్లీషు కాగితంలో ఆ వాక్యాల పక్కన చిన్న బొమ్మ ఉంది. తెలుగులో విషయం పొడుగైపోయి ఒక పేజీలో పట్టలేదు. ‘బొమ్మ తీసేద్దామా?’ అని అచ్చువేసేవాళ్ళు ఫోన్ చేశారు. తీసెయ్యమన్నాను. ఆ బొమ్మ ఉండి ఉంటే నా తప్పు దాని పక్కనే బయటపడేది.

కరపత్రాలు పంచిన రెండు వారాలకి పెంఠకటా వెళ్ళాను, అందరూ చదువుతూ ఉంటారని ఆశపడి. మొదటి వీధిలో చేపలు ఎండబెడుతున్న ఒక అప్పని అడిగాను, కాగితం అందిందా అని. ‘ఇచ్చారమ్మా. ఏటుందో సదివేవోళ్ళు లేరు. మాకు సదువు రాదు, పిల్లలు ఒడియా బడికెళ్తారు’ అంది. ఇంట్లో, వీధిలో, వలల దగ్గర అంతా తెలుగే మాట్లాడే ఊళ్ళో తెలుగు అక్షరం చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అది తెలుసుకోవడానికి ఒక్క పూట చాలేది. నేను ఆ పూట రాలేదు.

ఒడ్డున బోట్లు చూశాను. దాదాపు అన్నీ ఫైబర్ బోట్లే. వల నీళ్ళలో వదిలి, కొన్ని గంటలాగి తీసుకునేవాళ్ళు. ట్రాలర్‌లా వల ఈడ్చేవాళ్ళు కారు. నేను సగం పేజీ రాసిన ఇనుప జాలీతో వీళ్ళకి పనే లేదు. వీళ్ళ బాధ వేరు. తాబేలు చిక్కితే వల చిరిగిపోతుంది, కోసి విడిపించాలి. కొత్త వలకి మళ్ళీ అప్పు. దాని గురించి నా కాగితంలో ఒక్క ముక్క లేదు.

అప్పుడు కలిశాడు ఆ కుర్రాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. శ్రీకాకుళం జిల్లా నుంచి మేనమామ బోటు మీద పనికొచ్చాడు. పదో తరగతి దాకా తెలుగులో చదివాడు. నేనెవరో తెలియగానే ముఖం వెలిగింది. బోటులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆధార్ కార్డు, దాని వెనక నాలుగు మడతల నా కరపత్రం. ఉప్పునీళ్ళకి అంచులు ముడుచుకుపోయాయి. చివరి నాలుగు వాక్యాల కింద పెన్నుతో గీతలున్నాయి.

‘మీరు రాసినట్టే సేసాం మేడమ్’ అన్నాడు. మూడు రోజుల కిందట వలలో తాబేలు పడిందట. కదలడం లేదు గానీ ఊపిరి మెల్లగా ఉంది. ఇంతకుముందైతే నీళ్ళలోకి తోసేసేవాళ్ళట. కాగితంలో ఉంది కదా అని బోటులోకి లాగారు. డిప్ప కింద ఆనేలా వెల్లకిలా వేసి, తోకవైపు ఎత్తు పెట్టి, గోనెసంచీ తడిపి కప్పారు. ఒడ్డు కనపడే వేళకి చచ్చిపోయింది.

అక్కడే వల బాగు చేసుకుంటున్న మేనమామ తలెత్తాడు. ఆ రోజు ఆయన బోటులో లేడు. ‘ఎల్లకిలానా? కాయితంలో అలాగుందా? ఏదీ, మళ్ళీ సదువు’ అన్నాడు. కుర్రాడు గీత గీసిన చోట వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. నా వాక్యం నాకు అంత నిదానంగా వినబడటం అదే మొదటిసారి.

పెద్దాయన వల కింద పెట్టాడు. ‘తాంబేలుకి ఊపిరితిత్తులు ఈపు కింద ఉంటాయి. నాకు తెలుసు. నా సిన్నప్పుడు కోసినోళ్ళం. కలకత్తా పంపేటప్పుడు పారిపోకుండా ఎల్లకిలా ఏసేవోళ్ళం. గట్టిగా ఉన్నది తట్టుకుంటాది. నీళ్ళు మింగింది తట్టుకోలేదు. లోపలి బరువంతా ఊపిరితిత్తుల మీదే పడిపోద్ది. పట్టుకెళ్ళాలంటే ఎల్లకిలా. బతకాలంటే బోర్లా పెట్టి, ఎనకవేపు ఎత్తాల. నోట్లోంచి నీళ్ళు కారిపోవాల.’

ఇద్దరూ నా వైపు చూశారు. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట: ‘అచ్చుతప్పు పడినట్టుంది.’

అచ్చుతప్పు కాదు. అచ్చువేసినవాళ్ళు నేనిచ్చిన ప్రతి అక్షరాన్నీ ఉన్నదున్నట్టు వేశారు. ఆ క్షణంలోనే అది నాకు తెలుసు. అయినా నా తప్పుని ఎవరో ఊరూ పేరూ లేని కూలివాడి నెత్తిన పెట్టాను. కుర్రాడు తల ఊపాడు. కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి కవర్లో దాచుకున్నాడు.

భువనేశ్వర్ వచ్చాక ఆ మడతలే కళ్ళ ముందు తిరిగాయి. ఆ తాబేలు ఎలాగైనా చచ్చిపోయేదేమో. అలా అనుకుంటే కాస్త ఉపశమనంగా ఉండేది. కానీ ఆ వెంటనే ఇంకోటి తోచేది: ఆ రోజు ఆ బోటులో నా కాగితం బదులు పెద్దాయన ఉండి ఉంటే, దాన్ని బోర్లానే పెట్టించేవాడేమో. ఊళ్ళో అప్పటికే ఉన్న తెలివిని నా అక్షరం తోసేసింది. అచ్చులో ఉన్నదానికి ఉండే బరువు అటువంటిది. ఆ బరువు నాకు గౌరవం తెచ్చినన్నాళ్ళూ సంతోషించాను, అది ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు.

సంస్థవాళ్ళకి నిజం చెప్పాను. వాళ్ళు కోప్పడలేదు. మిగిలిన కాగితాలు ఆపేశారు. పదిరోజులాగి మళ్ళీ పెంఠకటా వెళ్ళాను. కుర్రాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను: ‘తమ్ముడూ, అది అచ్చుతప్పు కాదు. నాకు తెలియక తప్పు రాశాను. పైగా నీతో అబద్ధం చెప్పాను.’

అతను చాలాసేపు ఇసకలోకి చూశాడు. ‘నేనే తప్పు సదివానేమో అనుకున్నాను మేడమ్. పెద్ద పెద్ద మాటలున్నాయి గదా. నాకు సదువు సరిగ్గా రాదు’ అన్నాడు.

అతను అంతకుమించి నన్ను ఏమీ అనలేదు. నేను రాసిన తప్పుకి ఆ పిల్లవాడు పదిరోజులు తన చదువుని తిట్టుకున్నాడు. కూర్మమని, విమోచనమని, సాధనమని నేను గొప్ప కోసం వేసిన ప్రతి మాటా అతనికి తన మీద తనకున్న నమ్మకాన్ని కాస్త కాస్త తగ్గించింది. అర్థం కాకపోతే తప్పు రాసినవాళ్ళది కాదు, చదివినవాళ్ళదే అనుకునే మనుషులకోసం రాసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో నాకు ఏ పండితుడూ చెప్పలేదు. చెప్పి ఉన్నా ఆ పొగరులో వినేదాన్ని కాదు.

ఆ సాయంత్రం కాగితం, కలం బయటకి తీయలేదు. చేపలు ఎండబెట్టే అప్ప ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ‘20 కిలోమీటర్లంటే మీ లెక్కలో ఎంత?’ అని అడిగాను. పెద్దాయన బారల్లో లోతు చెప్పాడు. ఇంజన్ ఎంతసేపు నడవాలో చెప్పాడు. ఏ గుర్తు కంటికి కనపడకుండా పోతుందో చెప్పాడు. అప్ప మాత్రం తాబేలు సంగతి తన తీరున చెప్పింది: ‘ఎక్కడ పుట్టిందో అక్కడికే వచ్చి గుడ్డు పెడతాదంట గదమ్మా. పుట్టింటికి పురిటికొచ్చినట్టే. పురిటికొచ్చిన ఆడపిల్ల మీద ఎవరైనా సెయ్యేత్తారా?’

నాకు గుజరాత్ గుర్తొచ్చింది. అక్కడ తిమింగలం సొర వలలో పడితే వదిలెయ్యమని జాలర్లకి చెప్పడానికి 2004లో మొదలుపెట్టిన ప్రచారంలో, కథలు చెప్పే మొరారి బాపు ఆ చేపని పురిటికి పుట్టింటికొచ్చిన కూతురన్నారు. ‘వ్హాలీ’ అని పేరు పెట్టారు, అంటే ప్రియమైనది. నష్టపోయిన వలకి పరిహారం కూడా ఏర్పాటు చేశారు. జాలర్లు వలలు కోసి ఆ చేపల్ని వదిలారు. అక్కడ వెరావల్ బోట్ల మీద మన శ్రీకాకుళం కుర్రాళ్ళు ఎందరో పనిచేస్తారు. గుజరాతీ జాలరికి తగిలిన మాటే పెంఠకటాలో ఈ అప్ప నోట ఎవరూ నేర్పకుండా వచ్చింది. తన ముత్తవ్వ ఏ ఊరి నుంచి వచ్చిందో ఆమెకి సరిగ్గా తెలియదు. తిరిగి వెళ్ళడానికి ఆ తల్లికి పుట్టిల్లు లేదు. అందుకేనేమో, ఆ మాట అన్నప్పుడు గొంతు ఒక్కసారి తగ్గింది.

కొత్తది కాగితం కాదు. ఫోన్లో వినే నాలుగు నిమిషాల మాటలు. అప్ప పుట్టింటి సంగతి చెప్పింది. పెద్దాయన మొగల దగ్గర హద్దులు చెప్పాడు. సొమ్మసిల్లిన తాబేలుని ఏం చేయాలో కుర్రాడు చెప్పాడు. ఒకచోట గొంతు తడబడితే మళ్ళీ మొదలుపెడతానన్నాడు. ‘బోర్లా పెట్టండి. ఎల్లకిలా వద్దు’ అని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేను చెప్పమనలేదు.

ఇప్పుడు ఎవరికోసం ఏం రాసినా, పంపేముందు వాళ్ళలో ఒకరికి చదివి వినిపిస్తాను. ‘అర్థమైందా?’ అని అడగను. అలా అడిగితే అవునంటారు, నామీద గౌరవం కొద్దీ. ‘ఇది విన్నారు కదా, ఇప్పుడు మీ చేతులతో ఏం చేస్తారో చూపించండి’ అంటాను. మొదటిసారి అలా అడిగింది ఆ కుర్రాణ్ణే. అతను బోటు బల్ల మీద రెండు అరచేతులూ కిందికి తిప్పి ఆనించాడు. తర్వాత మణికట్ల వైపు మెల్లగా పైకెత్తాడు. నేను రాయలేకపోయిన వాక్యం అదే.