కూజా స్వయంవరం

ఇష్టదేవతను తలచుకుని, కుకవినిందను ఎవరూ నొచ్చుకోకుండా దాటవేసి, కథలోకి వస్తున్నాను. మా నాయనమ్మ అటకమీద గోనెపట్టా మేలిముసుగులో తపస్సు చేసుకుంటున్న నీలాల చైనా కూజాకు, మొన్న సంక్రాంతి దులుపుళ్లలో స్వయంవరం ప్రకటించాం.

ప్రబంధమన్నాక పురవర్ణన తప్పదు. 65వ నంబరు జాతీయ రహదారి లారీల హారన్లు మంగళవాద్యాలుగా, ఎండుమిరప ఘాటు సాంబ్రాణి ధూపంగా, మున్నేరు (నీళ్లున్న నెలల్లో) ఆకాశగంగగా ఒప్పారే నందిగామే ఆ పురం.

ఇక నాయిక. మూరెడు పొడవు, శంఖంలాంటి మెడ, కడుపునిండా తిన్న పొట్ట. ఆ పొట్టమీద రెండు డ్రాగన్లు ఒక ముత్యం కోసం తగువులాడుకుంటున్నాయి. నాయనమ్మ లెక్కలో అవి జెర్రులు. మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు. నాయికకు పుట్టుమచ్చ ఉండాలిగా!

పుట్టిల్లు చైనాలోని జింగ్‌దజెన్ అనే కుమ్మరిపట్నం. అక్కడికి దగ్గర్లోని గావ్‌లింగ్ కొండ పేరే కేయోలిన్ అనే తెల్లమట్టికి వచ్చింది. ఆ మట్టి ఒంటిమీద కోబాల్టుతో బొమ్మ గీసేటప్పుడు రంగు మసిలా ఉంటుంది. పైన గాజుపూత పోసి, సుమారు 1,300 డిగ్రీల బట్టీలోకి పంపితే నీలమై బయటికొస్తుంది. సీతమ్మవారి అగ్నిప్రవేశం గుర్తొస్తే నా తప్పు కాదు. 14వ శతాబ్దంలో ఆ కోబాల్టు పర్షియా నుంచి వెళ్లేది. మట్టి ఒక దేశం, రంగు ఒక దేశం, కాపురం నందిగామ అటకమీద.

మొదటి రాకుమారుడు తోపుడుబండి రథమెక్కి, మైకు శంఖం పూరిస్తూ వేంచేశాడు. "పింగాణీకి రేటు లేదు మామ్మా, ప్లాస్టిక్ టబ్బు ఇస్తా." నాయనమ్మ టబ్బును నాలుగు పక్కలా వేలితో కొట్టి చూసి, "మూతేదిరా?" అంది. సంబంధం అక్కడే తప్పిపోయింది.

రెండోవాడు హైదరాబాదు పాతవస్తువుల బేరగాడు. భూతద్దం తీసి కూజాను తలకిందులు చేశాడు. రెండు గుండీలు, ఒక అయిదు పైసల బిళ్ల రాలాయి. అడుగున ఆరు చీనా అక్షరాలు! "మింగ్ వంశం, షువాన్‌దే చక్రవర్తి, 1426–1435" అని చదివాడు. బాబాయి మొహంలో చంద్రోదయమైంది (ఆ వర్ణనా అయిపోయినట్టే). ఆ క్షణంలోనే జగ్గయ్యపేటలో మేడ కట్టేసి, గృహప్రవేశం కూడా చేసేశాడు.

భూతద్దం అంగుళం జరిగింది. పక్కనే ఎర్రసిరాలో, చీమలబారులా, ఇంగ్లీషు అక్షరాల్లో "చైనా" అని ఉంది. చక్రవర్తిగారికి ఇంగ్లీషు ఎవరు నేర్పారు? అమెరికావాళ్లు 1891 నుంచి దిగుమతి సరుకుమీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఆ ముద్ర అప్పటినుంచీ వాడుకలోకి వచ్చింది. ఇక పాత రాజుల పేర్లు కొత్త కుండలకు వేయడం అక్కడి కుమ్మరులకు తాతలనాటి అలవాటు. చంద్రుడికి గ్రహణం పట్టింది.

"వందేళ్లు నిండితే 1972 చట్టం కింద పురావస్తువు, మనం దేశం దాటించకూడదు. నిండకపోతే వట్టి కూజా" అని తీర్పు చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ప్రస్తుతం నాయిక వంటింటి గట్టుమీద అట్లకాడ, పప్పుగుత్తి, రెండు గరిటెలు ధరించి కొలువుతీరింది. ఇంకా అమ్మకానికే ఉంది. పగులు సంగతి ముందే చెప్పాను. మూతున్న టబ్బు తెచ్చినవారితో నాయనమ్మ ముందుగా మాట్లాడుతుంది.