డీఆర్ సూత్రానికి నిజాంపేట టీక

మూలం: “డీఆర్ సైటు పూర్తిగా సింకులో ఉన్నది, జీరో డేటా లాస్, దయచేసి గమనించగలరు.”

అవతారిక: డీఆర్ (డిజాస్టర్ రికవరీ) డ్రిల్లు ముగిసిన శనివారం రాత్రి మెయిల్లో వెలువడే సూత్రమిది. కర్త ఎవరో తెలియదు, ప్రతి కంపెనీలోనూ ఉంటాడు. గచ్చిబౌలిలో పుట్టి, ఆడిట్ నివేదికల గుండా సాగి, అర్ధరాత్రి నిజాంపేట అపార్టుమెంట్లలో మోగే ఫోన్లలో లీనమయ్యే ఈ వాక్యానికి ఇంతకాలం వ్యాఖ్యాత దొరకకపోవడం శోచనీయం.

టీక: ‘సైటు’, ‘ఉన్నది’, ‘గమనించగలరు’ అనేవి సుగమాలు. ‘సింకు’ సంగతి తర్వాత. ముందు ‘జీరో’ దగ్గర ఆగాలి.

జీరో అనగా అభావం. అభావం నాలుగు తెరగులని మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేల్చాడు: ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం. సూత్రకర్త నష్టానికి చెబుతున్నది అత్యంతాభావం, అంటే మూడు కాలాల్లోనూ లేకపోవడం. పరీక్షిద్దాం. ఒకాయన ఇంటి అద్దె పంపాడు. ప్రైమరీలో, అంటే అసలు డేటాబేసులో, కమిట్ అయింది, ఫోనులో పచ్చటిక్కు పడింది. డీఆర్ సైటులోని నకలులో, అంటే స్టాండ్‌బైలో, ఆ అద్దెకు ఇంకా ప్రాగభావమే: ఆది లేదు, అంతం ఉంది. అంతలో ప్రైమరీ కూలింది. అక్కడ ప్రధ్వంసాభావం: ఆది ఉంది, అంతం లేదు. స్టాండ్‌బైలోని ప్రాగభావం గతేమిటి? అంతం కావలసింది ఇక కాదు. అంతం లేనిది ప్రాగభావమే కాదని తార్కికులు లేచి నిలబడతారు. ఆ అధికరణంలో అద్దె మునుపు లేదు, ఇప్పుడు లేదు, రేపూ ఉండదు కనుక అది అత్యంతాభావమే. అంటే సూత్రకర్త నష్టానికి కట్టిన పట్టం పోయి పోయి అద్దె నెత్తిన పడింది! ఇక ‘ప్రైమరీ వేరు, స్టాండ్‌బై వేరు’ అనే అన్యోన్యాభావం మాత్రం నిక్షేపంగా ఉంది. ఆడిటర్ సరిచూసిందీ అదొక్కటే.

ఈ సందర్భంలో మెదక్ జిల్లా కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరిని స్మరించకపోతే దోషం. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాణిని లేపడానికి తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. రికవరీ పనికి మన ప్రాంతంలో ఆదిపురుషుడు ఆయనే. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని కూడా ఆయన ప్రతిజ్ఞ. రెండో సగం ఈ టీకాకారుడి వల్ల కాలేదు. మొదటి సగం సూత్రకర్త వల్ల కాలేదు.

ఎక్కడున్నాం? సింకు. అమెజాన్ తన క్లౌడు రీజియన్‌ను 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో తెరిచింది. ఒకటి ప్రైమరీకి, ఒకటి డీఆర్‌కు అనుకుందాం. మధ్య దూరం 600 కిలోమీటర్ల పైమాటే. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే కనీసం 6 మిల్లీసెకన్లు. నిజమైన సింకంటే ప్రతి కమిటూ ఆ 6 మిల్లీసెకన్లూ నిలబడాలి. అప్లికేషన్ స్లో అయిందని ఫిర్యాదు రాగానే నిలబడటం మానేస్తారు, సూత్రంలో ‘సింకు’ మాత్రం నిలబడే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్లూ ఈ లౌక్యానికి సాయపడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ మొదటి నుంచీ ‘ఆన్’లోనే ఉంటుంది. ఏ స్టాండ్‌బై కోసం ఆగాలో చెప్పే పేర్ల జాబితా మాత్రం ఖాళీ. కాబట్టి ఆ ‘ఆన్’ సొంత డిస్కు వరకే. మైఎస్క్యూఎల్ సెమీ సింకు 10 సెకన్లు చూసి, జవాబు రాకపోతే అసింకులోకి జారుకుంటుంది. ఒరాకిల్ డేటా గార్డ్‌లో మాగ్జిమమ్ ప్రొటెక్షన్ అని ఒక పద్ధతి ఉంది. ఒక్క స్టాండ్‌బై అయినా అందినట్టు చెప్పకపోతే ప్రైమరీ తనను తానే ఆపేసుకుంటుంది. జీరోకు అసలైన వెల అదీ. దాని మీద సంతకం పెట్టిన బిజినెస్ హెడ్‌ను ఈ టీకాకారుడు ఇంకా దర్శించలేదు.

పూర్వపక్షం: డ్రిల్లు పాసయింది కదా?

సిద్ధాంతం: అవదా మరి! నెల ముందు తేదీ చెప్పి, ట్రాఫిక్ ఆపి, ల్యాగ్ సున్నాకు దిగేదాకా కూర్చుని, అప్పుడు మీట నొక్కారు. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్ సెల్లార్లలోకి వచ్చిన నీళ్లు ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టి రాలేదు. గిట్‌హబ్‌కు 2018 అక్టోబరు 21న నెట్‌వర్కు తెగింది 43 సెకన్లే. అమెరికాలో ఒక తీరాన రాసినవి రెండో తీరానికి చేరకముందే అక్కడి డేటాబేసు ప్రైమరీ అయి కూర్చుంది. సేవలు పూర్తిగా కోలుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అదంతా వాళ్లు లోకానికి రాసి చెప్పారు. మనకు “దయచేసి గమనించగలరు”.

తాత్పర్యం: స్టాండ్‌బై అందిందనేదాకా కస్టమర్‌ను ఆపగలిగితే, లింకు తెగితే వ్యాపారమే ఆపగలిగితే జీరో అనండి. లేకపోతే ఎన్ని నిమిషాలు పోవచ్చో అంకె వేసి, కింద పేరు రాయండి.

పాఠాంతరం: ఔటేజ్ తర్వాతి ప్రతుల్లో ‘నియర్ జీరో’ అని కనిపిస్తుంది. ఈ ‘నియర్’ ప్రక్షిప్తమని కొందరి అభిప్రాయం. కావచ్చు. కానీ అందులో ఇరుక్కున్న ట్రాన్సాక్షన్లను బ్యాంకు ఫైలుతో ఒక్కొక్కటిగా సరిపోల్చేది సూత్రకర్త కాడు, నిజాంపేట హాస్టల్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న సపోర్టు కుర్రాడు. సింకు పెడదామా వద్దా అన్న మీటింగుకు వాణ్ని పిలవలేదు. ఆదివారమంతా పనిచేసినందుకు సోమవారం కాంప్ ఆఫ్ అడిగితే, అప్రూవల్ పెండింగులో ఉంది.