మన రక్తానికి అమెరికా రేటు

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ చుట్టుపక్కల విల్లాలు లేచినప్పటి నుంచి ఇక్కడొక కొత్త శాస్త్రం వర్ధిల్లుతోంది. తెల్లారి ఆరింటికి బౌరంపేట, మల్లంపేట గేటెడ్ కమ్యూనిటీల్లో వాకింగ్ ట్రాకుల మీద క్లాసు మొదలవుతుంది. రాత్రికి వాట్సాప్ గ్రూపులో రివిజన్. పాఠ్యపుస్తకం ఒకే ఒక్క పట్టిక. ఆసియా నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన వాళ్ళలో ఏ దేశపు కుటుంబం ఏడాదికి ఎన్ని డాలర్లు సంపాదిస్తోందో వరసగా పేర్చిన పట్టిక. అందరికన్నా పైన మనం. అట్టడుగున బర్మావాళ్ళు. మధ్యలో ఉన్న దేశాల గురించి ఎవరికీ ఆసక్తి లేదు. పైమెట్టు మీద కూర్చున్న సుఖం పూర్తిగా దక్కాలంటే కిందిమెట్టు మీద ఎవరో ఒకరు కనబడుతూ ఉండాలి కదా.

పట్టిక దొంగది కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019కి తీసిన లెక్క: భారతీయులు ఇంటిపెద్దలుగా ఉన్న కుటుంబాల మధ్యగత ఆదాయం 1,19,000 డాలర్లు. అంటే సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద. బర్మావాళ్ళది 44,400. 2023 నాటికి మన అంకె 1,51,200కి ఎక్కింది. ఇద్దరు సంపాదించే ఇల్లూ ఒక్కరు సంపాదించే ఇల్లూ ఒకే గాటన కట్టారనీ, న్యూజెర్సీ ఇంటద్దెకూ అయోవా ఇంటద్దెకూ పోలిక లేదనీ గొణగొచ్చు గానీ, ఆ పేచీ నాకొద్దు. అంకెలు ఒప్పేసుకుందాం. గొడవంతా అంకెల కింద మనవాళ్ళు రాసే వ్యాఖ్యానంతోనే.

“బర్మా మన పక్కనే కదండీ. అన్నం తినేవాళ్ళే కదా. మరి మనవాళ్ళెక్కడ, వాళ్ళెక్కడ? రక్తంలో ఉండాలండీ, రక్తంలో!” అంటారు రిటైరైన చీఫ్ ఇంజినీరు గారు. పక్కన నడుస్తున్న బ్యాంకు మేనేజరు గారు “సంస్కారం కూడా లెండి” అని సవరిస్తారు. రక్తానికీ సంస్కారానికీ మధ్య పంపకాలు తేలేలోపు రెండు రౌండ్లు పూర్తవుతాయి. ఈలోగా పైన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం రొద పెడుతుంది కాబట్టి ఎవరు ఏం తేల్చారో ఎవరికీ సరిగా వినబడదు. శాస్త్రానికి అదొక వెసులుబాటు.

సరే, రక్తం సంగతే చూద్దాం. సాక్ష్యానికి మన దగ్గర కొదవేం లేదు. ఈ రక్తాన్ని ఎగుమతి చెయ్యడం మనం కంప్యూటర్లు వచ్చాక మొదలుపెట్టలేదు. కాకినాడ పక్కన కోరంగి అని ఒక రేవు ఉండేది. అక్కడి నుంచి సముద్రం దాటి వెళ్ళారు కాబట్టి బర్మాలో తెలుగు కూలీలకు కోరంగీలని పేరు పడింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పల్లెల్లో మేస్త్రీ దిగేవాడు, చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు, ఓడ టిక్కెట్టు ఖర్చు కూడా ఆ పద్దులోనే రాసుకునేవాడు. రంగం, అంటే రంగూన్, పోయినవాడు ఆ పద్దు తీరేదాకా మేస్త్రీ మనిషే. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసింది వాళ్ళు. రైసు మిల్లుల్లో ఊక మింగింది వాళ్ళు. రిక్షాలు లాగింది, పాయిఖానాలు ఎత్తిపోసింది వాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే.

ఆ రోజుల్లో రంగూన్‌లో ఎవరైనా మన పట్టికలాంటిది వేసుంటే ఎలా ఉండేది? పైన ఆయిల్ కంపెనీ దొరలు, స్టీమరు కంపెనీ దొరలు. వాళ్ళ కింద వడ్డీ వ్యాపారం చేసే చెట్టియార్లు. ఇంకా కింద ఎవరెవరో. అట్టడుగున తెలుగువాళ్ళు. క్లబ్బు వరండాలో విస్కీ గ్లాసు పట్టుకుని “కోరంగీల రక్తమే అంత” అని తేల్చెయ్యడానికి అక్కడా ఒక రిటైరైన చీఫ్ ఇంజినీరు ఉండే ఉంటాడు. కాకపోతే ఆయన పేరు మెక్ అని మొదలవుతుంది.

1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను పనిలోకి దించాయి. సమ్మె తేలిపోగానే, పని దొరికిందని సంబరపడ్డ బర్మావాళ్ళను రేవు నుంచి వెనక్కి పంపేశాయి. 26వ తేదీన కొట్లాట మొదలై నాలుగు రోజుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, చాలామంది తెలుగువాళ్ళు. ఒకే రేవులో ఒకే బస్తా కోసం కొట్టుకున్న ఆ ఇద్దరి దేశాలవాళ్ళే నేటి పట్టికలో ఒకరు పైనా ఒకరు కిందా ఉన్నారు. 1942లో జపాన్ సేన వస్తుంటే కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు మనవాళ్ళు, దారిలో రాలిపోయినవాళ్ళు పోగా. 1960లలో అక్కడి నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాల్ని జాతీయం చేశాక మిగిలినవాళ్ళలోనూ చాలామంది వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. చీఫ్ ఇంజినీరు గారి గ్రూపులో ఆ పేట ఆదాయపు పట్టిక ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. రక్తం మాత్రం అదే. కావాలంటే ల్యాబులో చూపించుకోవచ్చు.

మలయా సంగతి కూడా అంతే, అక్కడ కొబ్బరీ రబ్బరూ. పేరాక్‌లో బాగన్ దాతో వైపు కొబ్బరి ఎస్టేట్లలో తెలుగువాళ్ళు తరాల తరబడి బతికారు. తర్వాత ఎస్టేట్లు అమ్ముడుపోయి ఇళ్ళ కాలనీలు లేచినచోట్ల కూలీ లైన్లలో పుట్టి పెరిగిన కుటుంబాలు నడివీధిలో పడ్డాయి. దక్షిణాఫ్రికాలో 1860 నవంబరులో ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్‌లో దించినవాళ్ళకు మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. వాళ్ళ మనవలు, మునిమనవల్లో డాక్టర్లూ లాయర్లూ ఉన్నారు. చెరకు తోటలోంచి అక్కడికి చేరడానికి వందేళ్ళు పట్టింది. అది వంశ లక్షణమే అయితే ఒక్క తరంలోనే బయటపడి ఉండాల్సింది.

ఇంత చెప్పాక మేనేజరు గారు అడుగుతారు: “వాళ్ళు చదువుకోనివాళ్ళు కదండీ?” అదే నేనూ అంటున్నది. రక్తం నుంచి చదువు దాకా వచ్చాం. ఇంకొక్క అడుగు వేస్తే వీసా దాకా వస్తాం.

అమెరికా మనల్ని 1917లో చట్టం చేసి మరీ గుమ్మం బయట నిలబెట్టింది. 1946లో ఏడాదికి వందమంది రావచ్చని దయ చూపింది. 1965లో లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టంతోనే తలుపు తెరుచుకుంది. అందులో డాక్టర్లూ ఇంజినీర్లూ రావడానికి ఒక దారి ఉంది. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. దానికి డిగ్రీ ఉండాలి, అక్కడ ఉద్యోగమిచ్చే కంపెనీ ఉండాలి. ఇన్ని తలుపులు దాటి వెళ్ళినవాళ్ళను లెక్కపెడితే ఏం తేలింది? అమెరికాలో ఉన్న, వయసు పాతికేళ్ళు నిండిన భారతీయుల్లో 2019లో 75 శాతం మందికి డిగ్రీయో అంతకన్నా పెద్ద చదువో ఉంది. భారతదేశంలో ఆ వంతు ఎంత తక్కువో మన వాచ్‌మన్‌ను అడిగినా చెబుతాడు. ధాన్యాన్ని మూడు జల్లెడలు పట్టి గింజల్ని సీమకు పంపి, “మా చేలో పొల్లు పుట్టదండీ” అన్నట్టుంది మన గర్వం.

మూడు అన్నది ఊరికే అన్నమాట కాదు. సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ అని ముగ్గురు పండితులు అమెరికా భారతీయుల మీద రాసిన ‘ది అదర్ వన్ పర్సెంట్’ పుస్తకంలో మూడుసార్లు వడపోసిన జనం అనే వాదమే ఉంది. కులమూ కలిమీ ఒక వడపోత, పోటీ పరీక్షలు రెండోది, అమెరికా వలస చట్టం మూడోది. ఇంతా వడపోశాక కూడా వెనకబడితే అదీ వార్త!

మరి బర్మావాళ్ళు? వాళ్ళలో చాలామంది కరెన్లు, చిన్‌లు. సైన్యం ఊళ్ళు తగలబెడితే పారిపోయి, థాయ్‌లాండ్ సరిహద్దు శిబిరాల్లోనో మలేసియాలోనో ఏళ్ళు గడిపి, శరణార్థులుగా అమెరికా చేరినవాళ్ళు. వాళ్ళను జీఆర్ఈ స్కోరు అడగలేదు. ప్రాణభయం ఉందా అని అడిగారు. వచ్చినవాళ్ళలో ఎంతోమంది మాంసం ప్యాకింగ్ ప్లాంట్లలో చలిగదుల్లో కత్తులు పట్టుకుని నిలబడ్డారు. ప్రాణభయం పరీక్ష పాసైనవాళ్ళనూ జీఆర్ఈ పాసైనవాళ్ళనూ పక్కపక్కన నిలబెట్టి “ఎవరి బుర్ర పెద్దది?” అని అడగడం మన శాస్త్రంలో మాత్రమే చెల్లుతుంది.

ఇలాంటి పట్టికల్లో పైన ఉన్నవాళ్ళకు అమెరికాలో ముద్దుపేరు కూడా ఉంది, మోడల్ మైనారిటీ. 1966 జనవరిలో విలియం పీటర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో జపాన్ సంతతి వాళ్ళను మెచ్చుకుంటూ రాసిన వ్యాసంతో ఈ వాడుక స్థిరపడింది. అంతకు ఇరవై నాలుగేళ్ళ ముందు అదే జపాన్ సంతతి వాళ్ళను ముళ్ళకంచెల వెనక పెట్టిన దేశమది. నల్లవాళ్ళు హక్కులడుగుతున్న కాలంలో “వాళ్ళను చూసి నేర్చుకోండి” అనడానికి ఆ మెప్పు బాగా పనికొచ్చింది. మన భుజం తట్టే చెయ్యి ఇంకెవరి వీపు మీద పడుతోందో తిరిగి చూసే అలవాటు మనకు లేదు.

అన్నట్టు సియాటిల్‌కు ఉత్తరాన బెల్లింగ్‌హామ్ అని ఒక ఊరుంది. 1907 సెప్టెంబరు 4న అక్కడి కలప మిల్లుల్లో పనిచేసే భారతీయుల్ని, ఎక్కువగా పంజాబీల్ని, తెల్ల కూలీలు మూకుమ్మడిగా కొట్టి ఊరి నుంచి తరిమేశారు. నాలుగేళ్ళకు, వలసల మీద అమెరికా వేసిన డిల్లింగ్‌హామ్ కమిషన్ నివేదిక, అప్పటిదాకా వచ్చిన జాతుల్లో అందరికన్నా అక్కర్లేనివాళ్ళు హిందూవులని తేల్చింది. హిందూ అంటే వాళ్ళ లెక్కలో ఇండియావాడని అర్థం, సిక్కులతో సహా. ఆ బెల్లింగ్‌హామ్ నుంచి రెండు గంటలు కారు నడిపితే రెడ్మండ్, మైక్రోసాఫ్ట్. అక్కడ ఇవాళ మన సత్య నాదెళ్ళ గారున్నారు. వందేళ్ళలో రక్తం గ్రూపు మారిపోయిందంటారా?

ఇక దుండిగల్‌కే వద్దాం. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు పొద్దున్నే గండిమైసమ్మ చౌరస్తాను దిగ్బంధం చేస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో లక్షల మంది పిల్లలు ఇలాంటి కాలేజీల మెట్లెక్కారు. మన ప్రతిభకు ఫీజు కట్టినవాళ్ళలో పన్ను కట్టిన ప్రతివాడూ ఉన్నాడు. కల్లు గీసేవాడు కొనుక్కున్న అగ్గిపెట్టె మీద కూడా పన్నుంది. అది రక్తం ఖాతాలో జమయ్యింది. జల్లెడలోంచి కింద పడ్డవాళ్ళ మాట వస్తే ఇంకా మౌనం. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీలో చేరి 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్ళలో తెలుగు పిల్లలే ఎక్కువ. ఆ వారం గ్రూపులో పట్టిక తిరగలేదు. గుడ్ మార్నింగ్ పువ్వులు తిరిగాయి.

పట్టికను అందరికన్నా శ్రద్ధగా చదివేది మాత్రం ప్లాట్ల బ్రోకరు. “ఎన్నారై పార్టీ అయితె గజం రేటు వేరే ఉంటది సార్” అంటాడు. ఆయన సిద్ధాంతంలో రక్తమూ లేదు, సంస్కారమూ లేదు. శుద్ధ శాస్త్రవేత్త ఆయనొక్కడే.

ఈ విల్లాల ఇటుకలు ఎక్కడివి? నగరం చుట్టూ ఉన్న బట్టీల్లోవి. బట్టీలో పని చేసేవాళ్ళలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల వాళ్ళు. అక్కడ నువాఖాయి పండగ రోజులకు సర్దారు వస్తాడు, చేతిలో అడ్వాన్సు పెడతాడు. భార్యాభర్తలు, ఒకరిద్దరు పిల్లలు కలిసి ఒక జట్టు. కూలి వెయ్యి ఇటుకల చొప్పున. వర్షాలు వెళ్ళాక వచ్చి, మళ్ళీ వర్షాలు పడేలోపు అడ్వాన్సు తీర్చాలి. రంగం మేస్త్రీ చచ్చిపోలేదు, రైలెక్కాడు అంతే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేశారు. బట్టీలో మట్టి తొక్కే పిల్లకు ఆ చట్టం ఎన్నడూ పరిచయం కాలేదు.

వీళ్ళ గురించి కూడా వాకింగ్ ట్రాకు మీద తీర్మానం ఉంది. “వాళ్ళంతే లెండి. పిల్లల్ని చదివించరు. ముందుచూపు ఉండదు. ఒడియావాళ్ళ నేచరే అది.” ఇక్కడే నాకు చీఫ్ ఇంజినీరు గారి మీద గౌరవం రెట్టింపయ్యింది. ఎందుకంటే అమెరికా పట్టికలో ‘భారతీయులు’ అన్న గడిలో ఉన్న ఆ 1,19,000 డాలర్ల లెక్కలో న్యూజెర్సీలో ఉండే ఒడియా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు జీతం కూడా ఉంది. ఆయన భువనేశ్వర్‌లో చదివాడో రూర్కెలాలో చదివాడో గానీ మన అంకెను పైకి లాగుతున్నాడు. న్యూజెర్సీలో ఒడియావాడు ‘మనం’. బట్టీలో ఒడియావాడు ‘వాళ్ళు’. ఒకే భాష, ఒకే జగన్నాథుడు, ఒకే పఖాళ అన్నం. రక్తం మాత్రం అట్లాంటిక్ దాటగానే శుద్ధి అవుతుంది కాబోలు. ఈ ముక్క ఆయనతో అన్నాను. “అది వేరండీ, ఇది వేరు” అన్నారు. ఎలా వేరో చెప్పబోతుండగా పైన విమానం వచ్చింది.

2025 సెప్టెంబరు 19న ట్రంప్ గారు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమని ప్రకటన మీద సంతకం పెట్టారు. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ సంస్కారం గురించి మాట్లాడలేదు. లాయర్ల నంబర్లు, విమానం టిక్కెట్ల రేట్లు, “మావాడు సెలవుకొచ్చి ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడెలా?” అని అడగడాలు. మర్నాడు వాకింగ్‌లో చీఫ్ ఇంజినీరు గారు నీరసంగా కనబడ్డారు. రక్తం సంగతి ఎత్తితే బాగుండదని ఊరుకున్నాను. ఆయనే కారణం చెప్పారు.

“దిష్టి అండీ. ఆ పట్టిక అందరికీ ఫార్వర్డ్ చెయ్యకుండా ఉండాల్సింది.”