నాకు చేపలు కనపడవు

ఆకాశంలోంచి చేపల్ని చూసి జాడ చెప్పే శాటిలైట్ అని నన్ను పొగిడేవాళ్లున్నారు. కాదనడానికి మొహమాటంగా ఉంది గానీ, 720 కిలోమీటర్ల ఎత్తు నుంచి నాకు చేపే కాదు, తిమింగలం కూడా ఆనదు. నా బొమ్మలో ఒక్క చుక్క అంటే సముద్రం మీద సుమారు 360 మీటర్లు. నేను చూసేది నీటి రంగు, అంతే.

నా పేరు ఓషన్‌శాట్-2. 2009 సెప్టెంబరు 23న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎక్కాను. వెలుగున్న వైపు ఏ సముద్రం మీదికి వచ్చినా మిట్టమధ్యాహ్నానికే వస్తాను. ఎండ నిటారుగా పడితేనే వెలుగు నీటిలోకి బాగా దిగుతుంది. ఆ ఎండే అలల మీద మెరిసి కళ్లు జిగేల్మనిపిస్తుంది కాబట్టి నా కెమెరాను 20 డిగ్రీలు వంచుకుంటాను.

నీటిలో వృక్ష ప్లవకాలనే కంటికి ఆనని మొక్కలుంటాయి. వాటి పత్రహరితం నీలి వెలుగును మింగేస్తుంది. అవి దట్టంగా ఉన్నచోట సముద్రం పచ్చబారుతుంది. చిక్కంతా మధ్యనున్న గాలితోనే. నాకు చేరే వెలుగులో దాదాపు తొమ్మిది వంతులు గాలి, ధూళి చెదరగొట్టినదే. నీటిది పదో వంతు. అందుకే నా కెమెరా చూసే 8 రంగుల పట్టీల్లో, అంటే బ్యాండ్లలో, రెండింటిని పరారుణం వైపు పెట్టారు. ఆ వెలుగులో నడిసముద్రం దాదాపు నల్లన. అక్కడ ఏం మెరిసినా అది గాలి పనే. దాన్ని లెక్కగట్టి మిగతా బ్యాండ్లలోంచి తీసేస్తారు. పాలనూ నీళ్లనూ వేరుచేసే ఆ హంస పని కింద కంప్యూటర్లది, పేరు నాది!

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు నా పచ్చదనాన్ని, వేరే ఉపగ్రహాలిచ్చిన నీటి వేడిమిని పక్కపక్కన పెట్టి చూసేవారు. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచున మేత దొరుకుతుంది. మేత ఉన్నచోటికి కవళ్లు, కానాగంతలు చేరవచ్చు. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్నది మత్స్యకారులకు చెబుతారు. అంచనాయే సుమా, వల నిండుతుందన్న పూచీ లేదు. డీజిల్ మాత్రం మిగులుతుంది.

మబ్బు పట్టిందా, నా కెమెరా గుడ్డిదే. అప్పుడు పనికొచ్చింది నా ఒంట్లోనే ఉన్న స్కాటరోమీటర్. గాలికి నీటి మీద లేచే చిరు అలలపైకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి గాలి వేగాన్నీ దిశనూ చెప్పేది. రాత్రయినా సరే. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ వైపు దూసుకొచ్చిన ఫైలిన్ తుపాను గాలుల్ని అదే కొలిచింది. 2014 ఫిబ్రవరిలో అది మూగబోయింది. కెమెరా ఒక్కటే మిగిలింది.

2022 నవంబరు 26న ఓషన్‌శాట్-3 పైకొచ్చింది. దాని కెమెరాకు 13 బ్యాండ్లు. నీటి వేడిమి కొలిచే పరికరం కూడా వెంటే తెచ్చుకుంది. నాలా పొరుగువాళ్లను అడగక్కర్లేదు.