కప్పుమీది మామ: సటీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

మామ ముఖము దీసి మఱిమఱి సాగించి
రంగులెల్ల గలిపి రచ్చచేసి
కప్పుమీద వేసి కానుకగా నిచ్చి
యెవరు చెప్పుమనిన నేమి సేతు?

టీక

మామ = పిల్లనిచ్చినవాడు. మేనమామ అని కొందరు. మేనల్లుడు కానుక పుచ్చుకొనువాడే గాని ఇచ్చువాడు కాడు గనుక అది పొసగదు. ముఖము దీసి = ఫొటో తీసి. ‘ముఖమును తొలగించి’ అను రెండవ అర్థము కప్పు చేతికి వచ్చినగాని స్ఫురింపదు. సాగించి = ఫోను తెరపై వేలితో లాగి. రచ్చచేసి = మోడరన్ ఆర్ట్ చేసి. ఏమి సేతు = వక్త ఎవరో కవి చెప్పలేదు; షష్టిపూర్తి పంక్తిలో కూర్చున్న ఏ బంధువైనను కావచ్చును.

శంక: ఉన్న ముఖమును ఉన్నట్లే ముద్రింపక ఇంత శ్రమ ఏల?

సమాధానము: ఆ ఫొటో పెండ్లి గ్రూపు ఫొటోలో మూడవ వరుసనుండి కత్తిరించినది; పైగా వాట్సాప్‌లో చేతులు మారి నలిగినది. కప్పు చుట్టును 20 సెంటీమీటర్ల బొమ్మ వేయుటకు అంగుళమునకు 300 చుక్కల లెక్కన అడ్డముగా ఇంచుమించు 2,400 చుక్కలు కావలెను. మామగారి ముఖమున అన్ని లేవు. బలవంతముగా పెంచినచో గళ్లు పడును. చిన్న గళ్లు పడినచో ఫొటో చెడినదందురు. అవే గళ్లను పెద్దవిచేసి పసుపును నీలమును పూసినచో కళ అందురు. ‘ఇది మసక గాదు, శైలి’ అనుటచే ఇచట అపహ్నుతి అలంకారము. మీసమా, కొబ్బరిమట్టయా అని చూచువారు తల్లడిల్లుటచే సందేహాలంకారమును కలదు.

ఈ విద్య అల్లుడు కనిపెట్టినది కాదు. 1917 నాటికే లండనులో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ మూడు అద్దములను త్రికోణముగా బిగించి, వాటిగుండా కవి ఎజ్రా పౌండును ఫొటో తీసి ముక్కలు చేసెను. ఆ ఫొటోలకు వోర్టోగ్రాఫులని పేరు. ఆయన చెడిపోయిన ఫొటోను దాచుటకు ఆ పని చేయలేదు. అదే భేదము, అది చిన్నది కాదు.

కప్పుమీద వేసి = బొమ్మను కాగితముపై ఎడమ కుడిగా తిరగవేసి అచ్చొత్తి, పాలిమర్ పూత గల కప్పుకు చుట్టి, 180–200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రెండు మూడు నిమిషములు నొక్కి అని భావము. రంగు ద్రవము కాకయే ఆవిరియై పూతలో ఇంకును. ఈ పద్ధతిలో తెల్లరంగు లేదు. కప్పు తెలుపే మామగారి నెరసిన మీసమగును. మీసము వేరు, కప్పు వేరు కాదు. అద్వైతులు గమనింతురు గాక.

‘దిండుమీద’ అని పాఠాంతరము. గణములు సరిపోవును గాని యతి చెడును. పాలియెస్టర్ గలేబైనచో ప్రింటింగు కొట్టువాడు ఒప్పుకొనును. వట్టి నూలు గలేబుపై ఈ రంగు నిలువదు గనుక ఛందస్సుతోబాటు ఉతుకును తట్టుకొనదు.

తాత్పర్యము

ముఖము పోలికకొఱకు ఉన్నది. పోలిక చెరిపినపిదప అది ఎవరి ముఖమైనను ఒకటే గనుక, మామగారిని వెదకి కత్తిరించిన శ్రమ వృథా. ముగ్గు, చీర అంచు, గుంటూరు మిర్చియార్డులోని రాశి మున్నగునవి ముక్కలైనను రంగుతో నిలుచును. అట్టివాటిని కప్పులపై ఎంతయైన సాగింపవచ్చును. కానుక ఇచ్చువారికి మనవి: ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా తెప్పించుకొనుడు, చుక్కలు తగ్గవు. మామగారిని మామగారిగానే వేయించుడు.