పెచ్చులూడిన గోడకు 119 డాలర్లు

మన పేటలో గోడ పెచ్చులూడితే మున్సిపాలిటీని తిడతాం. అదే పెచ్చు ఫ్లోరిడాలో ఊడితే టికెట్టు కొనుక్కుని వెళ్లి, పక్కన నిలబడి ఫొటో దిగుతాం. దిగి, “అబ్బ, ఎంత సహజంగా ఉందో!” అని వాట్సాప్‌లో పెడతాం.

ఓర్లాండో దగ్గర డిస్నీ వారి ఆనిమల్ కింగ్‌డమ్ ఉంది. 1998లో తెరిచారు. ఆ మరుసటేడు అందులో ఆసియా ఖండాన్ని కూడా కట్టేశారు. ఆ ఖండంలో ఆనందపూర్ అని ఒక ఊరు. పటంలో వెతక్కండి, దొరకదు. కాస్త ఇండియా, కాస్త నేపాల్, ఇంకాస్త ఆగ్నేయాసియా, మిగిలిందంతా సిమెంటు. పాడుబడ్డ మహారాజావారి వేట బంగళా, అందులో నిజం పులులు. రంగు వెలిసిన గోడలు, చేత్తో రాసిన బోర్డులు, పాత సైకిళ్లు, స్తంభాల మీద చిక్కుపడి వేలాడే కరెంటు తీగలు. దుకాణాల్లో ఆ ఊరి రాజారాణుల పటాలు. ప్రభుత్వం మారితే పటం మార్చాల్సిన పని లేదు, అదొక్కటే తేడా. ఇదంతా చూడ్డానికి మనిషికి అన్నిటికంటే చవక రోజున కూడా 119 డాలర్లు. మన లెక్కలో పదివేల పైమాటే. పండగ రోజైతే ఇంకా పైకి. కారు నిలిపే చోటుకు వేరే.

ఇమ్మర్సివ్ ల్యాండ్ అనేది ఈ వ్యాపారంలో ఇప్పటి మంత్రం. రోలర్ కోస్టర్ ఒకటి పాతేసి వదిలేస్తే జనం రారు. దాని చుట్టూ ఒక ఊరుండాలి, ఊరికో చరిత్ర ఉండాలి, చరిత్రకు సరిపడా మరకలుండాలి. 2017లో ఇదే పార్కులోకి ‘అవతార్’ సినిమా వారి పండోరాను దింపారు. 2019లో పక్క పార్కులోకి స్టార్ వార్స్ వారి గ్రహాన్ని దింపారు. అక్కడ కోకాకోలాను బాంబు ఆకారపు సీసాలో పోసి అమ్మితే, విమానాశ్రయ భద్రత వాళ్లు వీటిని సామానులో రానివ్వం అని మొదట భయపడి, తర్వాత ఆలోచించుకుని సరేనన్నారు. 2025లో యూనివర్సల్ వాళ్లు పోటీగా ఎపిక్ యూనివర్స్ తెరిచారు. దాంతో ఓర్లాండోలో ఊళ్లకన్నా లోకాలే ఎక్కువైపోయాయి.

గ్రహాలతో నాకు పేచీ లేదు. పండోరా నుంచి వచ్చిన చుట్టాలెవరూ మనకు లేరు కనక, అది నిజంగా అలాగే ఉంటుందా అని నిలదీసే నాథుడు లేడు. ఆనందపూర్ సంగతి వేరు. దాన్ని తనిఖీ చేయగల నిపుణులు ప్రతి వేసవికీ విజిటర్ వీసా మీద అమెరికాలో దిగుతుంటారు. కొడుకు ఏ అట్లాంటా నుంచో, ఏ షార్లట్ నుంచో కారెక్కించి తీసుకొస్తాడు. కోడలు పులిహోర డబ్బా సర్దుతుంది. డిస్నీ వారి పుణ్యమా అని బయటి తిండికి అభ్యంతరం లేదు. పెద్దాయన ఆనందపూర్ నడివీధిలో కరెంటు స్తంభం కింద ఆగి, కళ్లజోడు సవరించుకుని పైకి చూస్తాడు.

“ఒరేయ్, ఇక్కడ కూడా లైన్‌మన్ రాలేదట్రా?”

“అది అలా డిజైన్ చేశారు నాన్నా. కావాలనే.”

“కావాలనేనా? మనవాళ్లు అడక్కుండానే చేస్తారు కదరా! దీనికి కూడా ఇంజనీర్లా?”

కొడుకు దగ్గర దీనికి జవాబు లేదు. యాప్ ఉంది. అందులోకి తల దూర్చేస్తాడు.

పెద్దాయనకు అర్థంకానిది ఏమిటంటే, ఈ ఊళ్లో మురికి ఉంది గాని మురుగు లేదు. దుమ్ముంది, దోమ లేదు. (ఫ్లోరిడా చిత్తడినేలలో దోమను అదుపులో పెట్టడం వాళ్లు నిజంగా సాధించిన ఘనకార్యం. మా మున్సిపల్ కమిషనర్లను సింగపూర్ పంపే బదులు ఆనందపూర్ పంపొచ్చు.) గంటలున్నాయి, పూజారి లేడు. దుకాణాలున్నాయి, అరువు లేదు. బీదరికాన్ని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి గోడకు తొడిగారు. దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లలో ముందు వరసలో ఉండేది, సరిగ్గా ఆ గోడ నుంచి పారిపోవడానికే జీఆర్‌ఈ రాసినవాడు.

అదే ఊళ్లో కాళీ రివర్ రాపిడ్స్ అని ఒక తెప్ప సవారి. 12 మందిని గుండ్రటి తెప్పలో కూర్చోబెట్టి చక్రనదిలోకి తోస్తారు. దారిలో దొంగలు నరికి తగలబెట్టిన అడవి కనిపిస్తుంది. పర్యావరణ పాఠం. అంతలోనే తెప్ప జారుతుంది, నీళ్లు మీద పడతాయి. అడవి గతికి మనసు తడుస్తుందో లేదో గాని ప్యాంటు మాత్రం తడుస్తుంది. తడవకుండా ఉండాలంటే ప్లాస్టిక్ పోంచో కొనుక్కోవచ్చు. ప్రకృతిని కాపాడాలన్న సందేశాన్ని ప్లాస్టిక్ చుట్టుకుని వినడంలో సుఖముంది.

ఇంతకీ ఈ రంగులూ పెచ్చులూ నకిలీవేనని అందరికీ తెలుసు. అచ్చమైన మన సంస్కృతి కావాలంటే గోడలు కాదు, దస్తావేజులు చూడాలి.

1960ల మధ్యలో డిస్నీ కంపెనీ అక్కడ 27,000 ఎకరాలకు పైగా కొన్నది. సొంత పేరుతో కాదు. బినామీ కంపెనీల పేర్లతో, గుట్టుగా, ఎకరా సగటున 200 డాలర్ల లోపు. 1965 అక్టోబరులో ఓర్లాండో పత్రిక గుట్టు విప్పేసరికి ధరలు ఆకాశానికి లేచాయి. కానీ కావలసిన భూమి అప్పటికే చేతికొచ్చేసింది. రింగ్ రోడ్డు ఎటు మలుపు తిరుగుతుందో రాత్రి కలలో చూసి, పొద్దున్నే పొలాలు కొనే మన పెద్దలకు ఇందులో కొత్త ఏముంది? ఆనందపూర్ గోడలకు పగుళ్లు గీయకముందే, దాని పునాది కింద మన రియల్ ఎస్టేట్ ఆత్మ కాపురం పెట్టింది.

అంతటితో ఆగలేదు. 1967లో ఫ్లోరిడా శాసనసభ ఆ భూములకు రీడీ క్రీక్ జిల్లా అని సొంత పాలన రాసిచ్చింది. భూమి కంపెనీది, బోర్డును ఎన్నుకునే ఓటూ కంపెనీదే. సొంత ఫైరింజన్లు. తన భవనానికి తానే ఇచ్చుకునే ప్లాను పర్మిషను. కావాలంటే విమానాశ్రయం, ఇంకా కావాలంటే అణు విద్యుత్ కేంద్రం కూడా కట్టుకోవచ్చునన్నారు. ఎలుక బొమ్మకు అణుశక్తి! కట్టలేదు, అది వేరే విషయం. జీవో జేబులో ఉండటం ముఖ్యం.

అర్ధ శతాబ్దం పైగా సాగాక 2023లో గవర్నరు డిశాంటిస్‌కూ కంపెనీకీ చెడి, రాష్ట్రం ఆ బోర్డును లాక్కుంది. దిగిపోతున్న పాత బోర్డు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొత్త బోర్డుకు చేయడానికి పనేమీ మిగలకుండా ఒక ఒప్పందం రాసి పెట్టి పోయింది. దాని గడువు వినండి: ఇంగ్లండు రాజు మూడో చార్లెస్ సంతతిలో ఆనాటికి బతికున్నవాళ్లందరిలో ఆఖరి మనిషి పోయిన తర్వాత, మరో 21 ఏళ్లు. ఫ్లోరిడాలో ఎలుక బొమ్మ హక్కులకు లండన్‌లో రాజుగారి మనవల ఆయుష్షు పూచీ. 2024లో రాజీ కుదిరి ఆ కాగితం చెల్లదని తేలిందనుకోండి. కానీ ఆ చేవ్రాత చూస్తే, అడంగల్‌లో రాత్రికి రాత్రి పేర్లు మార్చగల మన రెవెన్యూ ప్రతిభావంతులు కూడా కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాల్సిందే.

ఇక కొండ. ఆనందపూర్ దాటితే సెర్కా జాంగ్ అనే హిమాలయ గ్రామం, దాని వెనక ‘ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్’. 2006 ఏప్రిల్లో మొదలైంది. ఎవరెస్టు ఎత్తు 199.5 అడుగులు. ఎందుకంటే 200 అడుగులు దాటిన కట్టడం మీద విమానాల కోసం ఎర్రదీపం వెలిగించాలి. హిమశిఖరం మీద ఎర్రబల్బు బాగుండదని అరడుగు మిగిల్చారు. ఈ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే వెనకబడి ఉన్నారని ఒప్పుకోవాలి. మన బిల్డరైతే 220 లేపి, రెగ్యులరైజేషన్ స్కీము వచ్చేదాకా ధైర్యంగా కూర్చునేవాడు.

కొండ ఎక్కే రైలుకు క్యూ ఉంటుంది. ఇక్కడే నాకు ఈ పార్కుల మీద భక్తి కలిగేది. మొత్తం ఇమ్మర్సివ్ ల్యాండులో అన్నిటికంటే శ్రద్ధగా కట్టింది ఈ క్యూనే. ట్రెక్కింగ్ టికెట్లమ్మే ఆఫీసు, మంచుమనిషి యెతికి గుడి, పర్వతారోహకుల సరుకుల కొట్టు, యెతి మ్యూజియం, వాటి నడుమ నుంచి వరస పాములా పాకుతుంది. నిలబడ్డ సంగతి తెలియకూడదని ఈ తంటా అంతా. సరే. ఇంత అందంగా క్యూ కట్టి, ఆ తర్వాత వాళ్లు అమ్ముతున్నదేమిటి? ఆ క్యూలో నిలబడనవసరం లేని హక్కు!

1999లో ఫాస్ట్‌పాస్ అని మొదలైనప్పుడు అది అందరికీ ఉచితం. కాగితం ముక్క తీసుకుని, చెప్పిన వేళకు వస్తే చాలు. 2021లో దానికి 15 డాలర్ల ధర కట్టారు. తర్వాత రోజును బట్టి ధర. 2024 జులైలో పేరు మార్చారు. మన పథకాల్లాగే, డబ్బు విషయం మారనప్పుడు పేరు మారుతుంది. ఆ ఏడాది చివర్లో ప్రీమియర్ పాస్ దింపారు: పార్కును బట్టి, రోజును బట్టి 129 నుంచి 449 డాలర్ల దాకా, ప్రవేశ టికెట్టు కాక, తలకు, రోజుకు. అంటే మర్యాదగా డబ్బు కట్టినవాడు గుడీ మ్యూజియమూ వదిలేసి నేరుగా రైలెక్కుతాడు. వాళ్లు ఇన్నేళ్లు కష్టపడి పెయింటు వేసిన హిమాలయ జీవితమంతా, కట్టలేనివాడికి కాలక్షేపం.

తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక దర్శనం చూసి దేవుడి ముందు కూడా డబ్బేనా అని మండిపడేవాడు, వీఐపీ బ్రేక్ మీద ఫేస్‌బుక్‌లో పేజీలకు పేజీలు రాసేవాడు, ఓర్లాండోలో తెల్లారకముందే లేచి ఫోను మీద వేలు పెట్టుకుని ఏడు ఎప్పుడు కొడుతుందా అని కూర్చుంటాడు. స్లాటు దొరికితే భార్య వైపు గర్వంగా చూస్తాడు. అడిగితే, అది వేరు, ఇది టైమ్ మేనేజ్‌మెంట్ అంటాడు. పక్క వరసలో రెండు గంటలుగా నిలబడ్డ వాళ్ల ముందు నుంచి నడిచి వెళ్తున్నప్పుడు వాడి నడకలో ఒక ఎమ్మెల్యే కనిపిస్తాడు.

పెద్దాయన కోడలు వద్దన్నా రైలెక్కాడు. రైలు కొండెక్కింది. ముందు పట్టాలు పీకేసి ఉన్నాయి. యెతి పని. ఇది డిజైనేనని ఈసారి ఎవరూ చెప్పక్కర్లేదు, గుంటూరు ప్యాసింజరు అలవాటున్న మనిషి. రైలు చీకట్లో వెనక్కి పరుగెత్తి, మళ్లీ ముందుకు తిరిగి 80 అడుగులు కిందికి దూకింది. చివర్లో గుహలో 25 అడుగుల యెతి. డిస్నీ వాళ్లు కట్టిన అతి క్లిష్టమైన కదిలే బొమ్మల్లో ఒకటి. జంబో జెట్ బలంతో పోల్చి చెప్పుకున్న యంత్రం. మీదికి దూకి, చేయి చాచి, రైల్లో ఉన్నవాడి జుట్టు పట్టుకోబోవాలి. కొద్ది నెలలే కదిలింది. తర్వాత ఆగిపోయింది. కట్టేసిన కొండ లోపల ఇరుక్కున్న యంత్రం, బాగుచేయడం మాటలు కాదట. అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి: దాని మీదికి మినుకుమినుకుమనే లైటు వేశారు. వెలుగు అదిరితే బొమ్మ అదిరినట్టుంటుంది కదా! అభిమానులు దానికి డిస్కో యెతి అని బారసాల చేశారు.

“ఆ బొమ్మ మీద లైటెందుకురా అట్లా కొడుతున్నారు?”

“పాడైంది నాన్నా. చాలా ఏళ్లయింది.”

“బాగు చేయలేదూ?”

“చేస్తామన్నారు.”

పెద్దాయన ముఖం విప్పారింది. పొద్దుటి నుంచి మొదటిసారి భుజం మీద కండువా సర్దుకున్నాడు. “ఇదిగో, ఇప్పుడొచ్చిందిరా మన ఊరు!”

ఆయన తప్పేమీ అనలేదు. ఈ కొండను రూపొందించిన జో రోడ్ 2013లో నిండు సభలో ఎప్పటికైనా దీన్ని బాగుచేస్తానని మాట ఇచ్చారు. మాట అలాగే ఉంది, ఆయన 2021 మొదట్లో రిటైరయ్యారు. ఆ మరుసటేడు కొండను నెలల తరబడి మూసి మరమ్మతులు చేశారు. అన్నీ చేశారు, యెతి జోలికి పోలేదు. శంకుస్థాపన, హామీ, బదిలీ బదులు పదవీ విరమణ, మరమ్మతు పేరుతో మూత, మళ్లీ ప్రారంభం, పైన దీపాలంకరణ. ఏ ఆర్ట్ డైరెక్టరూ పెయింటు డబ్బాతో తీసుకురాలేని వాస్తవికత ఇది.

రైలు దిగిన దారి నేరుగా సెర్కా జాంగ్ బజారులోకి వెళ్తుంది. వేరే దారి వెతికినా అలవాటు కొద్దీ కాళ్లు అటే పోతాయి. అరల నిండా దూది కుక్కిన యెతి బొమ్మలు. మనవరాలు ఒకటి పట్టుకుని వదలనంది. కొడుకు కార్డు గీశాడు. పెద్దాయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, దాని చేయి పట్టుకుని ఊపి, కోడలితో అన్నాడు: “అమ్మాయ్, రసీదు జాగ్రత్త. దీని చెయ్యి ఆడుతోంది. అసలుదానిదేమో అనుకుని తిరిగి లాక్కుంటారు.”